పోయిన కరెంటు తిరిగి రావలెను

మా పట్టాభిరామ్‌లో రైలు చప్పుడు వినపడని ఇల్లు లేదు. చెన్నై సెంట్రల్ నుండి అరక్కోణం వైపు పోయే లోకలు బండ్లు తెల్లవారకముందే మొదలై రాత్రి పొద్దుపోయేదాకా నడుస్తూనే ఉంటాయి. ఉద్యోగకాలమంతా రైలు పెట్టెలకు వైర్లు వేసే పనిలో గడిపినవాణ్ణి గనుక నాకు ఆ చప్పుడే జోలపాట.

ఒకనాటి సాయంత్రం స్టేషను దగ్గర నిలబడి ఉండగా మా మనుమరాలు ఒక ప్రశ్న వేసింది. “తాతా, ఇంట్లో ప్లగ్గుకు రెండు తీగలు కావాలంటావు. ఇంత పెద్ద రైలుకు పైన ఒక్క తీగే ఉన్నదే! అదెట్లా?” ప్రశ్న చిన్నదే గాని, దాని జవాబులో విద్యుచ్ఛక్తి శాస్త్రం సగం ఇమిడి ఉన్నది. పై తీగలో 25,000 వోల్టుల కరెంటు వస్తుంది. రైలు నెత్తిమీది చట్రం దానిని అందుకుంటుంది. తన పని ముగించుకొని ఆ కరెంటు చక్రాల గుండా పట్టాలలోకి దిగి, వచ్చిన చోటికే తిరిగిపోతుంది. కాబట్టి రెండవ తీగ లేకపోలేదు. మనం రోజూ దాటే పట్టాయే ఆ రెండవ తీగ. పోయిన కరెంటు తిరిగి రావలెను. తిరిగి వచ్చే దారి లేనిచోట బయలుదేరే కరెంటే ఉండదు.

ఈ మాట చిన్నపిల్లకు చెప్పి ఊరుకున్నాను. అదే మాటను నలభై ఏళ్ళు దాటిన మా మేనల్లుడికి కూడా చెప్పవలసి వస్తుందని అప్పుడు అనుకోలేదు.

మా అక్కయ్యగారిది తిరుత్తణి ప్రాంతం. 1960 ఏప్రిల్ 1న ఆ తాలూకా ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రంలో కలిసినప్పుడు, ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారిన కుటుంబాలలో వారిదీ ఒకటి. ఆమె కుమారుడు చదువుకొని అమెరికా వెళ్ళాడు. అక్కడ ఉద్యోగం చేసుకుంటూనే, ఇంటి పక్క షెడ్డులో ఎనిమిదేళ్ళుగా ఒక విమానం కడుతున్నాడు. బొమ్మ విమానం కాదు, మనుష్యులు ఇద్దరు కూర్చొని ఎగిరేది!

ఇంట్లో విమానం కట్టడమేమిటని మన పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. కాని ఈ పని మన చెన్నపట్నానికి కొత్తది కాదు. 1910లో, మౌంటు రోడ్డున హోటలు నడుపుతుండిన జాకొమో డాంజెలిస్ అనే ఆయన తన ఊహ ప్రకారం ఒక విమానాన్ని సింప్సన్ కంపెనీ వారిచేత కట్టించి, పల్లావరంలో ఎగిరి చూసి, తరువాత ఐలాండ్ గ్రౌండ్సులో ప్రజలకు చూపించాడు. అమెరికాలో ఇట్లా సొంతంగా కట్టుకొనేవారు 1953లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. 1970 నుండి ఏటేటా ఆష్‌కాష్ అనే ఊళ్ళో వారి తిరునాళ్ళు జరుగుతున్నవి.

మా వాడు కట్టేది బర్ట్ రూటాన్ అనే ప్రసిద్ధ విమానశిల్పి రూపొందించిన లాంగ్-ఈజీ వరుసలోనిది. ఇందులో రేకు లేదు, కొయ్య దాదాపుగా లేదు. మనకు తెలిసిన థర్మోకోలు జాతికి చెందిన నురుగు దిమ్మను రెక్క ఆకారంలో కోసి, దానిమీద గాజునార గుడ్డను ఎపాక్సీ జిగురుతో పొరలు పొరలుగా అంటిస్తారు. ఆరిన తరువాత అది తేలికగాను, గట్టిగాను ఉంటుంది. ఇదే శిల్పి గీసిన వాయేజర్ అనే విమానం 1986 డిసెంబరులో ఎక్కడా దిగకుండా, నూనె మళ్ళీ పోసుకోకుండా తొమ్మిది రోజులలో భూగోళాన్ని చుట్టివచ్చింది. మన బెంగుళూరులోని జాతీయ విమానశాస్త్ర ప్రయోగశాల వారు కూడా లాంగ్-ఈజీ నమూనాను అనుసరించి ఒక చిన్న విమానం కట్టి 1987లో ఎగురవేశారు. తరువాత వారు తయారుచేసిన హంస శిక్షణ విమానమూ ఇట్టి మిశ్రమ పదార్థాలతో కట్టినదే. దాని కొత్త రూపం హంస-ఎన్‌జీ 2021 సెప్టెంబరులో మొదటిసారి ఎగిరింది. 2022లో సముద్రమట్టపు పరీక్షలకు మన పొరుగున ఉన్న పుదుచ్చేరికి కూడా వచ్చింది.

ఇక వైర్ల సంగతి. మోటారు కారులో బ్యాటరీ నుండి దీపానికి ఒక్క తీగే పోతుంది. తిరుగుదారి కారు ఒంటి రేకే. అల్యూమినియం విమానంలోనూ అంతే. ఏ పరికరాన్నైనా దగ్గరి చట్రానికి ఒక స్క్రూతో బిగిస్తే తిరుగుదారి దొరికినట్టే. కాని గాజునార గాజే గదా! మన కరెంటు స్తంభాల మీద పింగాణీ గిన్నెలు ఏ పని చేస్తాయో, ఈ విమానం ఒళ్ళంతా ఆ పనే చేస్తుంది. కరెంటును అడుగు ముందుకు కదలనివ్వదు. కాబట్టి ప్రతి దీపానికీ, ప్రతి మోటారుకూ, ప్రతి రేడియోకూ పోయే తీగ ఒకటి, తిరిగివచ్చే తీగ ఒకటి తప్పనిసరి.

కొందరు కార్బను నారతో కడతారు. అది కరెంటును కొంత పోనిస్తుంది గనుక దానినే తిరుగుదారిగా వాడుకోవచ్చునని భ్రమపడేవారు ఉన్నారు. అది తగదు. అల్యూమినియంతో పోలిస్తే దాని నిరోధం వందల రెట్లు ఎక్కువ. అంతేగాక అల్యూమినియం దానిని తాకినచోట తడి చేరితే లోహం తినివేయబడుతుంది. బోయింగ్ 787 వంటి పెద్ద విమానాల ఒళ్ళు కార్బనుదే. అయినా వాటిలో కరెంటు తిరిగి రావడానికి లోహపు దారులు ప్రత్యేకంగా అమర్చారు.

మా వాడు మొదట ఈ బరువు చూసి బాధపడ్డాడు. ఈ విమానంలో ఇంజను వెనుక ఉంటుంది. తూకం కుదరడానికి బ్యాటరీని ముక్కులో పెట్టాడు. రెండింటికీ నడుమ సుమారు నాలుగు మీటర్లు. స్టార్టరు మోటారు తిరిగేటప్పుడు 200 ఆంపియర్లు లాగుతుందనుకొందాము. పోయే తీగ నాలుగు మీటర్లు, వచ్చే తీగ నాలుగు మీటర్లు, మొత్తం ఎనిమిది. తీగ మందం 33 చదరపు మిల్లీమీటర్ల రాగి అయితే దారిలో సుమారు 0.8 వోల్టు ఖర్చవుతుంది. 12 వోల్టుల బ్యాటరీకి అది సహించదగిన నష్టమే. బరువు తగ్గుతుందని అందులో సగం మందం తీగ వేస్తే నష్టం 1.6 వోల్టులకు పెరుగుతుంది. చల్లని ఉదయాన స్టార్టరు మూలుగుతుందే గాని తిరగదు. మందపు తీగలో రాగి బరువు రెండున్నర కిలోలకు కొంచెం తక్కువ. “ఆ బరువు మొయ్యవలసిందే నాయనా! తీగ దగ్గర పొదుపు చేసినవాడు తోపుడు దగ్గర ఖర్చుపెడతాడు” అని చెప్పాను.

ఇంట్లో వైరింగు చేసినవారికి ఆశ్చర్యం కలిగించే సంగతులు మరికొన్ని ఉన్నాయి. మన ఇళ్ళలో వాడే పి.వి.సి. తీగ విమానానికి పనికిరాదు. వేడెక్కి కాలినప్పుడు దట్టమైన పొగ, గొంతు పట్టే ఆమ్లవాయువు వదులుతుంది. నేలమీద అయితే తలుపు తీసి బయటికి పరుగెత్తుతాము; ఆకాశంలో తలుపు తీసి ఎక్కడికి పోతాము? అందువలన 150 డిగ్రీల వేడికి ఓర్చే టెఫ్‌జెల్ అనే పూత గల తీగలు వాడతారు. లోపలి రాగి కూడా ఒంటి పోగు కాదు, తగరం పూసిన సన్నని పోగులు అనేకం. ఒంటి పోగు తీగ గోడలో నూరేళ్ళు ఉండవచ్చు గాని, ఇంజను అదురుకు కొన్నాళ్ళలో పుటుక్కున విరుగుతుంది.

ఫ్యూజు విషయంలో చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉన్నది. ఫ్యూజు రేడియోను కాపాడుతుందనుకుంటారు. కాదు, అది తీగను కాపాడుతుంది. 22 గేజి తీగకు 5 ఆంపియర్ల ఫ్యూజు, 18 గేజికి 10 అని తీగ మందాన్ని బట్టి లెక్క. తిరుగు తీగ కూడా పోయే తీగంత మందంగా ఉండాలి. ఆ ఫ్యూజు ఎక్కడ ఉండాలంటే, కరెంటు బయలుదేరే చోటనే. చివర పెడితే నడుమ తీగ కాలేటప్పుడు అది చూస్తూ ఊరుకుంటుంది.

ఇంటికి కాంక్రీటు పైకప్పు వేసేటప్పుడు ముందుగానే పైపులు పరచి, ఆ తరువాత కాంక్రీటు పోస్తాము గదా. రెక్కలోనూ అంతే. నురుగు దిమ్మలో గాడి తీసి, సన్నని గొట్టం అమర్చి, దానిలో ఒక దారం వదలి, అప్పుడు గాజునార పొర వెయ్యాలి. రెక్క చివరి దీపం తీగను ఆ దారంతో లాగుకోవచ్చు. గొట్టం మరచినవాడు తరువాత రెక్కను కోయవలసివస్తుంది. తీగ చట్రాన్ని దాటే ప్రతి రంధ్రానికీ రబ్బరు కమ్మీ తొడగాలి, ఎందుకనగా కోసిన గాజునార అంచు రంపంలాంటిది. ప్రతి తీగ రెండు చివరలా నంబరు ఉండాలి. లగ్గును తగిన పనిముట్టుతో నొక్కి, చేతితో లాగి చూడాలి. లగ్గుకు కాస్త ఇవతల కట్టుపట్టీ ఉండాలి, అప్పుడే అదురు తీగ మొదలు మీద పడదు.

తిరుగు తీగలన్నీ ఎక్కడ కలవాలి? ఇది పెద్ద ప్రశ్న. ఒక్కచోట కలవాలి. మా వీధి కాలువ సంగతి మీకు తెలుసు. పై ఇంటివారు నీళ్ళ తొట్టి ఒక్కసారిగా వదిలితే, అదే సన్నని కాలువను పంచుకొన్న దిగువ ఇంటి తూములో నీరు వెనక్కు ఎగదన్నుతుంది. అట్లాగే మిణుకు దీపాల కరెంటు, రేడియో కరెంటు ఒకే సన్నని తిరుగు తీగలో వస్తే, దీపం మిణికినప్పుడల్లా చెవిలో టిక్కు టిక్కుమంటుంది. ఇంజను వేగం పెరిగినకొద్దీ జనరేటరు ఈల వేస్తుంది. నేలమీది కంట్రోలు గది నుండి వచ్చే మాట ఆ ఈలలో కలిసిపోతే ప్రమాదమే. అందుచేత ప్రతి పరికరం తన తిరుగు తీగను తానే తెచ్చుకొని, ఒక ఇత్తడి పలకకు బిగించుకోవాలి. ఆ పలక నుండి బ్యాటరీకి, ఇంజను ఒంటికి లావు తీగలు పోతాయి.

ఇంత చాకిరీకి ప్రతిఫలం లేకపోలేదు. పోయే తీగను, వచ్చే తీగను జడలాగా మెలివేస్తే వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదానినొకటి రద్దుచేసుకుంటాయి. దిక్సూచి ముల్లు చలించదు. గాజునార రేడియో తరంగాలను అడ్డుకోదు గనుక ఏరియలును రాగి పట్టీలతో చేసి లోపలే దాచుకోవచ్చు. కార్బను నారలో మాత్రం ఈ వసతి లేదు. ఇక పిడుగు మాట: పెద్ద విమానాల ఒంటిపొరలో లోహపు వల ఉంటుంది. ఇంట్లో కట్టిన చిన్న విమానాలలో సాధారణంగా అది ఉండదు. కాబట్టి ఉరుము మేఘం కనపడితే దూరంగా తప్పుకొనడమే వాటికి రక్ష.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రెండేళ్ళ క్రిందట ఒక రాత్రి మా వాడు ఫోను చేశాడు. గొంతు వణుకుతున్నది.

“మామా, ఇంజను ఆగలేదు.”

“ఆగకపోవడమేమిటిరా? సరిగ్గా చెప్పు.”

అతడు చెప్పినది ఇది. ఎగరడానికి ముందు ఇంజను నడిపి చూసేటప్పుడు, చివర వేగం బాగా తగ్గించి, స్విచ్చిని ఒక్క క్షణం ఆపు స్థానానికి తిప్పి చూడాలని నియమం. ఇంజను ఆగబోయినట్లు తడబడాలి. మా వాడు తిప్పాడు. ఇంజను తడబడలేదు. హాయిగా తిరుగుతూనే ఉన్నది! నూనె కట్టివేసి దానిని ఆపాడు.

ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పాలి. ఇంట్లో స్విచ్చి ఆపితే దారి తెగుతుంది, దీపం ఆరుతుంది. కాని విమానపు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో అనే యంత్రం అందుకు తలకిందులు. అది బ్యాటరీ లేకుండానే, తాను తిరుగుతున్నంతసేపు తన రవ్వను తానే పుట్టించుకుంటుంది. బ్యాటరీ చచ్చినా ఇంజను ఆగకూడదని అట్లా చేశారు. దానిని ఆపాలంటే దారి తెంచడం కాదు, దారి కలపాలి. దాని తీగను ఇంజను ఒంటితో కలిపితే రవ్వ పుట్టకుండా కరెంటు అటు మళ్ళిపోతుంది. పాత స్కూటర్లలో ఇంజను ఆపే బొత్తాము కూడా ఈ తరహాదే. కనుక ఆ తీగ ఎక్కడైనా తెగితే స్విచ్చి ‘ఆపు’ అని చూపిస్తున్నా మాగ్నెటో ప్రాణంతోనే ఉంటుంది. అప్పుడు ఎవరైనా పంకాను చేతితో కదిలిస్తే ఇంజను ఒక్క చుట్టు చుట్టవచ్చు. ఆ ఒక్క చుట్టు చాలు, చెయ్యి పోతుంది, ప్రాణమూ పోవచ్చు. ఈ జాతి విమానాలలో పంకాను చేతితో తిప్పి స్టార్టు చేసే అలవాటు కూడా ఉన్నది.

“స్విచ్చి చూశావా?”

“మీటరు పెట్టి చూశాను మామా. స్విచ్చి మంచిదే. మాగ్నెటో తీగా తెగలేదు.”

“స్విచ్చి దాటిన తరువాత ఎక్కడికి పోతున్నది?”

“పేనలు స్క్రూకు బిగించాను. పుస్తకంలో బొమ్మ అట్లాగే ఉన్నది.”

“పేనలు దేనితో చేశావురా అబ్బాయీ?”

అవతల కాసేపు మాట లేదు. తరువాత మెల్లగా అన్నాడు: “గాజునారతో.”

అదీ సంగతి. ఆ బొమ్మ అల్యూమినియం విమానానికి గీసినది. అక్కడ ఆ స్క్రూ నుండి చట్రం గుండా ఇంజను దాకా దారి ఉంటుంది. ఇక్కడ ఆ స్క్రూ గాజులో దిగిన మేకు. దాని అవతల ఏమీ లేదు. మనిషి తెలివైనవాడే. ప్రతి దీపానికీ రెండు తీగలు వేసినవాడే. కాని ‘ఆపడం’ కూడా ఒక కరెంటు ప్రయాణమని, దానికీ తిరుగుదారి కావాలని తోచలేదు.

నివారణ కష్టమైనది కాదు. మాగ్నెటో తీగకు వల తొడిగినదాన్ని వాడతారు. రేడియోలో రొద రాకుండా అది కాపాడుతుంది. ఆ వలను ఒక చివర మాగ్నెటో దగ్గర ఇంజను ఒంటికి, రెండవ చివర స్విచ్చి తిరుగు మొనకు కలిపితే చాలు, ఆ వలే తిరుగుదారి అవుతుంది. దానిని మరెక్కడా కలపకూడదు. రెండు మాగ్నెటోలకు రెండు తీగలు, రెండు వలలు. మరుసటి ఆదివారం అట్లా మార్చి, మీటరు పెట్టి చూసి, ఇంజను నడిపి, స్విచ్చి తిప్పాడు. ఇంజను తడబడింది. ఫోనులో ఆ చప్పుడు నాకు వినిపించాడు. ఒక యంత్రం తడబడితే అంత సంతోషించడం నా జీవితంలో అదే మొదటిసారి.

“అంతమాత్రాన పంకాను నమ్మవద్దు. అన్నీ సరిగ్గా ఉన్నా, అది ఎప్పుడూ బ్రతికి ఉన్నదనుకొనే దానిదగ్గరికి పో” అని చెప్పాను. “అట్లాగే మామా” అన్నాడు.

మా అక్కయ్యకు ఈ స్విచ్చి గొడవ చెప్పలేదు. ఆమె అడిగినది ఒక్కటే: “వాడు పోతే పోతాడు గాని, తిరిగి వస్తాడా తమ్ముడూ?” నాకు ఏమి చెప్పాలో తోచక, “తిరిగివచ్చే దారి చూసుకొనే వెళ్తున్నాడక్కా” అన్నాను.

విమానం ఎగిరిన రోజున మాకు రాత్రి. అక్కయ్య పట్టాభిరామ్‌లో మా ఇంట్లోనే ఉన్నది. నిద్రపోలేదు. ఫోను మోగగానే నాకంటే ముందు అందుకొన్నది. ఇరవై నిమిషాలు గాలిలో ఉన్నాడట, దిగాడట, స్విచ్చి తిప్పితే ఇంజను ఆగిందట. “దిగాను అమ్మా” అన్న మాట వినగానే ఆమె ఫోను నా చేతికిచ్చి దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది.

మన సంఘం పిల్లలలో విమానం కట్టేవారు రేపు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. మన దేశంలో అయితే పౌరవిమానయాన శాఖ అనుమతి లేనిదే ఎగరరాదన్నది వారు గుర్తుంచుకోవాలి. కాని స్విచ్చి లేని ఇల్లు మనలో ఎవరికీ లేదు. వానాకాలం రాకముందు మీ ఇంటి ఎర్తు గొయ్యి ఒకసారి చూడండి. ఎర్తు తీగ గోడదాకా వచ్చి గడ్డిలో విరిగి ఉండవచ్చు. ప్లగ్గులో మూడవ రంధ్రం ఉన్నదని తృప్తిపడకండి, దాని అవతల దారి ఉన్నదా అని వైర్‌మ్యాన్‌తో పరీక్ష చేయించండి. మనుష్యుల రక్షణకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు పెట్టించుకొని, దాని పరీక్ష బొత్తామును నెలకొకసారి నొక్కి చూడండి. గాజునారలో బిగించిన స్క్రూ వంటివి మన ఇళ్ళలోనూ కొన్ని ఉండవచ్చు. చూడటానికి బిగువుగానే ఉంటాయి.